ఉద్యోగంలో చేరితే ఆట వదిలేసినట్టేనా?

ప్రశ్న: నా వయసు 26. మాది హిందూపురం దగ్గర పల్లె. నాన్నగారు పట్టుపురుగులు పెంచుతారు. ఇంజనీరింగ్ తర్వాత బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ, స్ట్రీట్ ఫైటర్ 6 అన్న వీడియో గేమ్ మీదే పూర్తి సమయం పెట్టాలని రెండేళ్ళ క్రితం మానేశాను. మొదట్లో కొన్ని ఆన్‌లైన్ పోటీలు గెలిచాను. ఒక ఈ-స్పోర్ట్స్ జట్టు నెలకు ఇరవై ఐదు వేలు ఇస్తామని సంతకం చేయించుకుని, ఆరు నెలలు ఇచ్చి ఆపేసింది. ఆ తర్వాత వచ్చిన ప్యాచ్‌లో (ఆట తయారీదారులు చేసే మార్పుల్లో) నేను ఆడే పాత్ర బలం తగ్గింది. ఈ ఏడాది క్వాలిఫయర్లన్నింటిలో (అర్హత పోటీల్లో) మొదటి రోజే ఓడిపోయాను. రోజుకు పన్నెండు గంటలు ఆడుతున్నా ర్యాంకు పడిపోతూనే ఉంది, ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. మారతహళ్ళి పీజీ అద్దె రూమ్‌మేట్ కడుతున్నాడు. నాన్నగారు ఇది రమ్మీ లాంటి జూదం అనుకుంటున్నారు. పాత మేనేజర్ మళ్ళీ వచ్చి చేరమంటున్నారు. చేరితే నా ఆట అక్కడితో ఆగిపోతుందని భయం. పాత్ర మార్చాలా, ఉద్యోగంలో చేరాలా, నాన్నగారికి ఏమని చెప్పాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ఉద్యోగంలో చేరండి. మీ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివిన తర్వాతే ఈ మాట ముందుగా రాస్తున్నాను. ఇలా చెప్పడానికి కారణం మీ ఆట మీద నమ్మకం లేకపోవడం కాదు. మీరు అన్నింటినీ కలిపి ఒకే పతనంగా రాశారు గానీ, అవి జరిగిన వరుసను మీ మాటల్లోనే మరొకసారి చూసుకోండి: మొదట ఆగిపోయింది జట్టు ఇచ్చే డబ్బు, ఆట దెబ్బతిన్నది ఆ తర్వాత. అద్దెకు డబ్బు లేని మనిషి ప్రతి క్వాలిఫయర్‌నూ ఆ నెల జీతంగా చూస్తాడు, గెలిచి తీరాలన్న ఆత్రంలో తనకు తెలిసిన ఆట కూడా ఆడలేకపోతాడు, ఆ ఓటమిని పూడ్చుకోవడానికి మరో నాలుగు గంటలు అదనంగా కూర్చుంటాడు. మీ పన్నెండు గంటల సాధనలో ఎక్కువ భాగం ఇలాంటి గంటలేనని నా అనుమానం.

ఉద్యోగంలో చేరితే ఆట ఆగిపోతుందన్న భయం కొన్ని ఈ-స్పోర్ట్స్‌లో నిజమే. అయిదుగురు కలిసి ఆడే ఆటల్లో జట్టులో చోటు పోతే తిరిగి దొరకడం కష్టం, ఎంపిక చేసేవారు ఎక్కువగా చిన్న వయసు పిల్లల కోసం చూస్తారు. స్ట్రీట్ ఫైటర్ లాంటి ఫైటింగ్ గేమ్‌ల, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఆటల, సంప్రదాయం వేరు. 1996లో కాలిఫోర్నియాలో చిన్న పోటీగా మొదలై, 2002 నుంచి ఈవో అన్న పేరుతో సాగుతున్న పెద్ద పోటీలో ఈనాటికీ ప్రవేశ రుసుము కట్టిన ఎవరైనా బ్రాకెట్‌లో (పోటీ పట్టికలో) కూర్చోవచ్చు. ప్రపంచ విజేత అయినా, సెలవు పెట్టి వచ్చిన గుమాస్తా అయినా మొదటి మ్యాచ్ నుంచే ఆడుకుంటూ రావాలి. మిమ్మల్ని ఎవరూ ఎంపిక చేయనక్కరలేదు, కనుక ఎవరూ తీసేయలేరు కూడా. వయసు సంగతి అంటారా, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 బంగారు పతకం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-ఊ వయసు అప్పటికి 44 ఏళ్ళు. మీకు 26. ఒకటి రెండేళ్ళు సాయంత్రాలు మాత్రమే ఆడినందువల్ల మూసుకుపోయే తలుపు ఇక్కడ లేదు.

ఈ వృత్తిలో ఎగుడుదిగుళ్ళు ఎలా వస్తాయో తెలుసుకోవాలంటే జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా జీవితాన్ని కొంచెం వివరంగా చూడటం మంచిది. మీకు ఆ పేరు నా కంటే బాగా తెలిసే ఉంటుంది, అయితే మీరు చూసినవి ఆయన మ్యాచ్‌లు, నేను చూడమంటున్నది వాటి మధ్య గడిచిన సంవత్సరాలు. 1998లో పదిహేడేళ్ళ వయసులో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా 3 టైటిల్ గెలిచాడు. 2004 ఈవోలో, ఒక్క దెబ్బ తగిలితే పడిపోయే స్థితిలో ఉన్న కెన్ పాత్రతో, జస్టిన్ వాంగ్ ఆడిన చున్-లీ విసిరిన సూపర్ దెబ్బలన్నింటినీ ఒక్కటీ వదలకుండా తిప్పికొట్టిన ఆ కొద్ది క్షణాలే ఫైటింగ్ గేమ్‌ల చరిత్రలో అత్యధికులు చూసిన ఘట్టమని చెప్పవచ్చు. ఆ ఏడాది టైటిల్ మాత్రం ఆయనకు దక్కలేదు, ఫైనల్లో ఓడిపోయాడు. అంత పేరు వచ్చినా దానితో బతుకు సాగలేదు. ఆట పూర్తిగా వదిలి కొన్నాళ్ళు మాజాంగ్ అన్న పలకల ఆట పోటీల్లో తిరిగాడు, అదీ వదిలి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉద్యోగానికి చేరాడు.

ఆయన చేతులు అప్పుడు మొద్దుబారిపోయాయా? లేదు. 1999లో స్ట్రీట్ ఫైటర్ 3 చివరి రూపం వచ్చిన తర్వాత 2008 దాకా ఆ వరుసలో కొత్త ప్రధాన ఆటే రాలేదు. కొత్త ఆట లేదు కనుక కొత్త ప్రేక్షకులు లేరు, ప్రేక్షకులు లేని చోట డబ్బు పెట్టేవారూ లేరు. 2008లో స్ట్రీట్ ఫైటర్ 4 వచ్చాక మిత్రుల ఒత్తిడి మీద మళ్ళీ యంత్రం ముందు కూర్చున్నాడు, 2009లోనూ 2010లోనూ ఈవో గెలిచాడు, 2010లో ఒక కంట్రోలర్ల కంపెనీ ఆయనతో వృత్తి ఆటగాడిగా ఒప్పందం చేసుకుంది. అంటే, జగమంతా చూసిన 2004 మ్యాచ్‌కు ఆరేళ్ళ తర్వాత, మధ్యలో మామూలు ఉద్యోగం చేసి వచ్చాకే, ఆట ఆయనకు జీవనాధారమైంది. ఆయన పడిపోయిన కాలానికీ లేచిన కాలానికీ ఆట విడుదల తేదీలతో ఉన్న సంబంధం ఆయన నైపుణ్యంతో ఉన్న సంబంధం కంటే ఎక్కువ. మీ జట్టు డబ్బు ఆపేయడం కూడా మీ ఆట మీద ఎవరో ఇచ్చిన తీర్పు కాదు. మీ ఆట దెబ్బతిన్నది ఆ తర్వాతేనని మీ ఉత్తరమే చెబుతోంది.

అయితే డైగో కథను మీకు వాగ్దానంగా చూపడం లేదు. ఆయనలా మానేసి తిరిగి రాలేకపోయినవారి పేర్లు మనకు తెలియవు, తెలిసే అవకాశమూ లేదు. స్ట్రీట్ ఫైటర్ తయారుచేసే కాప్‌కామ్ కంపెనీ నడిపే కాప్‌కామ్ కప్‌లో 2024లో తైవాన్ ఆటగాడు ఊమాకూ, 2025లో జపాన్ ఆటగాడు కాకెరుకూ పది లక్షల డాలర్ల చొప్పున బహుమతి వచ్చింది. ఆ అంకె చూసి ఉద్యోగాలు మానేసినవారు మీలాగా చాలా దేశాల్లో ఉన్నారు. ఏడాదికి ఒక్కరికి దక్కే సొమ్మును నెల అద్దెకు లెక్కేసుకోలేము.

ఓటమి తర్వాత ఎంతకాలం పట్టవచ్చో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ చాలు. 2017 ఈవోలో స్ట్రీట్ ఫైటర్ 5 ఫైనల్‌కు పంక్ అన్న అమెరికన్ కుర్రవాడు అప్పటి వరకు ఒక్క సెట్ కూడా కోల్పోకుండా వచ్చాడు, అందరూ అతనే గెలుస్తాడనుకున్నారు. టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి, ఆ చదువును పక్కన పెట్టి ఆటలోకి వచ్చిన టోకిడో చేతిలో ఓడిపోయి వేదిక మీదే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అతను ఈవో గెలిచింది 2024లో, స్ట్రీట్ ఫైటర్ 6లో. మధ్యలో ఏడేళ్ళు గడిచాయి, ఆటే మారిపోయింది. ఆ ఏడేళ్ళూ అతను పోటీల్లో ఉండగలిగాడన్నది నాకు ఆ టైటిల్ కంటే ముఖ్యంగా కనిపిస్తుంది. మీరు ఇప్పుడు బతుకుతున్న తీరులో ఏడు నెలలు ఉండటం కూడా కష్టం.

ఇక సాధన గురించి. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములుగా (బొమ్మలుగా) నడుస్తుందని, ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లని మీకు తెలుసు. బెంగళూరు నుంచి టోక్యోకు గాలిలో సుమారు 6,600 కిలోమీటర్లు. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది కనుక, తీగ తిన్నగా వేసి ఉన్నా సంకేతం వెళ్ళి రావడానికి 66 మిల్లీసెకన్లు, అంటే సుమారు నాలుగు ఫ్రేములు పడుతుంది. సముద్రం అడుగున తీగలు తిన్నగా వెళ్ళవు కనుక నిజానికి ఇంకా ఎక్కువే. ఎదుటివాడి కదలికను ముందే ఊహించి చూపి, తప్పైతే వెనక్కి వెళ్ళి సరిదిద్దే రోల్‌బ్యాక్ పద్ధతి ఈ ఆలస్యాన్ని కంటికి కనబడకుండా సర్దుతుంది గానీ లేకుండా చేయలేదు. దానికి పీజీ వై-ఫై తోడైతే, ఎదుటివాడు దూకినప్పుడు చూసి కొట్టడం మానేసి, దూకుతాడని ఊహించి కొట్టడం అలవాటవుతుంది. రాత్రంతా ఇలాంటి మ్యాచ్‌లు ఆడితే మీరు బలపరుస్తున్నది ఆ ఊహించే అలవాటునే. పక్కపక్కన కూర్చుని ఆడే పోటీలో అదే మిమ్మల్ని ముంచుతుంది.

లాహోర్ ఆటగాడు అర్సలాన్ యాష్ గురించి మన దేశపు ఆటగాళ్ళు శ్రద్ధగా ఆలోచించాలి. 2019 ఫిబ్రవరిలో వీసాలు, విమానాల ఇబ్బందులు దాటుకుని ఫుకుఒకా చేరి ఈవో జపాన్‌లో టెక్కెన్ 7 అన్న మరో ఫైటింగ్ గేమ్ పోటీ గెలిచినప్పుడు అతని పేరు బయటి ప్రపంచానికి దాదాపు తెలియదు. అదే ఏడాది ఆగస్టులో లాస్ వేగాస్ ఈవో కూడా, ‘నీ’ (Knee) అన్న పేరుతో ఆడే కొరియా దిగ్గజాన్ని ఓడించి గెలిచాడు. అతను ఎదిగింది అంతర్జాతీయ పోటీల్లో తిరిగి కాదు, తన ఊళ్ళో, ఒకే గదిలో, తనంతటి వాళ్ళతో ఏళ్ళ తరబడి ఆడి. తనకంటే బాగా ఆడేవాళ్ళు మా దేశంలో ఇంకా ఉన్నారని అతను అప్పుడు చెబితే చాలామంది మర్యాదకు అన్న మాట అనుకున్నారు. 2022 టెక్కెన్ వరల్డ్ టూర్ ఫైనల్స్‌ను పాకిస్తాన్‌కే చెందిన ఆతిఫ్ బట్ గెలిచాక అది లెక్కతో అన్న మాటేనని తెలిసింది. బెంగళూరులో ఈ ఆట గట్టిగా ఆడేవాళ్ళు వందల్లో ఉండకపోవచ్చు. మీకు కావలసింది వందలమంది కారు, మిమ్మల్ని సగం సార్లు ఓడించగల ఇద్దరు ముగ్గురు. శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని, ఒక్కొక్కరితో పది గెలుపుల దాకా పొడుగాటి సెట్లు ఆడండి. మొదటి మూడు మ్యాచ్‌ల్లో చేతి వేగం గెలిపించవచ్చు, ఏడో మ్యాచ్ నుంచి ఎదుటివాడిని చదవడం తప్ప దారి ఉండదు. ర్యాంక్ మ్యాచ్‌ల్లో మీకు అందనిది అదే.

వారంలో మిగిలిన రోజుల్లో ఉద్యోగం తర్వాత రెండు గంటలు దొరికితే చాలును. ఒక రోజుకు ఒకే మ్యాచప్ (ఎదుటి పాత్ర ఒక్కటే) పెట్టుకుని, ముందు అరగంట రీప్లే చూసి, మిగతా సమయం ట్రైనింగ్ మోడ్‌లో, దెబ్బకు ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో చూపే ఫ్రేమ్ మీటర్ పెట్టుకుని ఆ ఒక్క చిక్కునే విప్పండి. మారతహళ్ళి ట్రాఫిక్‌లో పోయే గంటన్నర సంగతి నాకు తెలియనిది కాదు. ఆఫీసుకు దగ్గరగా, తీగ కనెక్షన్ ఇచ్చే పీజీకి మారడం సాధ్యమైతే, మొదటి జీతంలో అదనంగా పెట్టవలసిన ఖర్చు అదే. కొత్త కంట్రోలర్ కాదు.

పాత్ర మార్చాలా అని అడిగారు. మార్చి బాగుపడినవారు ఉన్నారు: 2017లో ర్యూ బలం తగ్గినప్పుడు డైగో కొన్నాళ్ళు పట్టుదలగా అతనితోనే ఆడి, చివరికి గైల్‌కు మారాడు; టోకిడో అంతకు ముందు ఏడాది ర్యూతో ఆడి, అకుమా రాగానే అతన్ని తీసుకుని 2017 ఈవో గెలిచాడు. కానీ వాళ్ళు మారింది ఫలానా పరిస్థితిలో తమ పాత్ర దగ్గర జవాబు లేదని తేల్చుకున్న తర్వాత. మీరు ముందు ఈ ఏడాది ఓడిన క్వాలిఫయర్ మ్యాచ్‌లను తెరిచి, ప్రతి రౌండూ ఎక్కడ చేజారిందో కాగితం మీద రాయండి. ప్యాచ్ తగ్గించిన దెబ్బ వల్ల పోయిన రౌండ్లు ఎక్కువైతే మారండి. మూలకు నెట్టబడినప్పుడు ప్రతిసారీ దూకి బయటపడబోయి గాలిలో దెబ్బ తిన్న రౌండ్లు ఎక్కువైతే, కొత్త పాత్రతోనూ అలాగే దూకుతారు. ప్యాచ్‌ను తిట్టుకోవడంలో కొంత ఊరట ఉంటుంది, అందుకే ఆ లెక్క కాగితం మీద తేలాలంటున్నాను.

బొటనవేలి నొప్పిని ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. అది అలా వదిలేసే సంగతి కాదు. ప్యాడ్ మీద ఎడమ బొటనవేలే రోజంతా దిక్కులు తిప్పుతుంది. మణికట్టు దాకా పోయే స్నాయువు వాచితే, విశ్రాంతి ఇవ్వకుండా ఆడినకొద్దీ మొండి నొప్పిగా మారుతుంది. ఎముకల డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించి, వాళ్ళు చెప్పేదాకా ఆట పూర్తిగా ఆపండి. ప్యాడ్ బదులు, దిక్కులకు కూడా మీటలే ఉండే కంట్రోలర్‌కు మారితే బొటనవేలి భారం వేళ్ళన్నింటికీ పంచబడుతుంది, కానీ దాన్ని అలవాటు చేసుకోవడానికి నెలలు పడుతుంది. కనుక అది కూడా డాక్టరు మాట విన్న తర్వాతే.

జట్టుతో మీరు చేసుకున్న ఒప్పందాన్ని బయటికి తీయండి. బకాయి కంటే ముందు చూడవలసిన షరతులు రెండున్నాయి. వేరే జట్టు పేరుతో ఆడకుండా మిమ్మల్ని కట్టేసే షరతు ఎంతకాలం వర్తిస్తుందన్నది ఒకటి. మీ బహుమతి సొమ్ములో వాళ్ళకు వాటా ఉందా అన్నది రెండోది. డబ్బు ఇవ్వని జట్టుకు మీరు ఇంకా కట్టుబడి ఉంటే, రేపు గెలిచినా చిక్కే. బకాయి ఎంతో, ఏ నెలల నుంచో స్పష్టంగా రాసి ఈమెయిల్ పంపండి. జవాబు రాకపోతే వకీలు ద్వారా నోటీసు పంపండి. ఆ డబ్బు వస్తుందని లెక్కలో వేసుకోవద్దు. గెలిచిన బహుమతుల మీద 30 శాతం పన్ను పడే అవకాశం ఉంది కనుక పాత రసీదులన్నీ ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపండి.

పాత మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు జీతం కంటే పని వేళల మీద బేరం చేయండి. షిఫ్టులు మారే ప్రాజెక్టు అయితే సాయంత్రం సాధన అన్న మాటే ఉండదు. నియామక పత్రంలో బయటి ఆదాయం మీద నిషేధం సాధారణంగా ఉంటుంది. పోటీల్లో ఆడతానని, బహుమతి వస్తే తెలియజేస్తానని ముందే రాసి, అనుమతి కూడా రాతలోనే తీసుకోండి. చేరిన తర్వాత మొదట తీర్చవలసింది రూమ్‌మేట్ బాకీ. అతను అడగలేదంటే ఇబ్బంది పడలేదని కాదు. అది తీరాక నెలనెలా కొంత పక్కన పెట్టి, ఏడాదికి ఒక్క విదేశీ పోటీకి సొంత డబ్బుతో వెళ్ళండి. స్పాన్సర్ పిలుపు కోసం ఎదురుచూడకుండా, వీసాకు జీతపు రశీదులు చూపించి వెళ్ళగలగడం కూడా ఉద్యోగం వల్ల కలిగే లాభమే. ఏడాదిన్నర తర్వాత లెక్క చూసుకోండి. ఎన్ని గెలిచారన్నది కాకుండా, ఎవరి చేతుల్లో ఓడారు, అంతకు ముందు ఎవరి చేతుల్లో ఓడేవారు అన్నది చూడండి. ఆ పేర్లు మారకపోతే అప్పుడు ఆటను ఇష్టం కోసమే ఆడుకోవచ్చు.

నాన్నగారి అనుమానాన్ని తప్పుపట్టకండి. రమ్మీ యాప్‌లలో డబ్బు పోగొట్టుకున్న కుర్రవాళ్ళ వార్తలు ఆయన చదివే ఉంటారు, ఫోనులో కనిపించే ఆటలన్నీ ఆయనకు ఒకటే. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పందెం డబ్బుతో ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరు చేసి పోటీ క్రీడగా గుర్తించిందని చెప్పండి. హాంగ్‌ఝౌ క్రీడల్లో మన దేశం తరఫున ఇద్దరు స్ట్రీట్ ఫైటర్ ఆడారని, 2026 ఐచి-నగోయా ఆసియా క్రీడల్లోనూ ఈ-స్పోర్ట్స్ పతక క్రీడగా ఉందని చెప్పండి. ఇవన్నీ చెప్పినా ఆయన అడగబోయేది ఒక్కటే: అద్దె ఎవరు కడుతున్నారని. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉన్నప్పుడు వెళ్ళండి. పట్టుగూళ్ళ ధర పడిపోయిన ఏడాది ఆయన మల్బరీ తోట పీకేసి ఉండరు, ఇంటి ఖర్చుకు వేరే దారి చూసుకుని తోటకు నీళ్ళు కడుతూనే ఉండి ఉంటారు. మీరు చేయబోయేది అదేనని ఆయనకు మీరు విప్పి చెప్పనక్కరలేదు. హిందూపురం ఎంతో దూరం కాదు కనుక ఫోనులో కాకుండా ఇంటికి వెళ్ళి, ఉద్యోగం సంగతి ముందు, ఆట సంగతి తర్వాత చెప్పండి; ఆట మానేస్తున్నానని మాత్రం, ఆయన్ను సంతోషపెట్టడానికైనా, చెప్పకండి. తర్వాత దాచి ఆడవలసి వస్తుంది.

మేనేజరుకు ఈ వారంలోనే జవాబు ఇవ్వండి. చేరే తేదీ మాత్రం డాక్టరు మీ వేలు చూసి ఎన్ని రోజుల విశ్రాంతి చెబుతారో తెలుసుకున్నాక పెట్టుకోండి, ఎందుకంటే టెస్టింగ్ పనిలోనూ రోజంతా కీబోర్డు మీదే ఉండాలి.